వెన్న మాట ముందు నక్షత్రం

మా మామగారు ఉమామహేశ్వరరావుగారు చెడ్డవారు కారు. ఆ మాట ముందే చెప్పేస్తే నాకు తేలిక. ఆయనకు కోపం రాదు, గొంతు పెంచరు, పథ్యం పేరుతో ఎవరినీ వేధించరు. కానీ ఉప్మా పెడుతూ "ఇందులో జీడిపప్పు వేశాం" అంటే, పళ్ళెం ఒకసారి కదిపి చూసి, "నాకింకా కనబడలేదు" అంటారు. అలాంటి మనిషితో అక్టోబరు చివరి నుంచి ఏప్రిల్ దాకా, అమెరికాలో డిట్రాయిట్ పక్కన నోవైలో, మంచులో, తలుపులన్నీ బిగించుకొని కాపురం చెయ్యాలి. చేశాను. అందుకే ఇది రాసే అర్హత నాకుంది.

ఆయన హైదరాబాదులో ఒక నిఘంటు కార్యాలయంలో ముప్ఫై ఒక్కేళ్ళు పనిచేశారు. ఉద్యోగం పేరు పెద్దదే గానీ చేసిన పని చీటీలు రాయడం. ఒక మాటకు ఒక చీటీ. పైన మాట, మధ్యలో అర్థం, కింద ఆకరం. అంటే ఆ మాట ఏ పుస్తకంలో, ఏ పుటలో కనబడిందో ఆ వివరం. ఆకరం లేని చీటీ డబ్బాలోకి పోకూడదు, అంతే. ఆయన రిటైరై పదకొండేళ్ళయినా ఆ నియమం మాత్రం రిటైరవలేదు. మా ఆవిడ త్రివేణి "నాన్నా, రేపు స్నో పడుతుందట" అంటే, ఆయన చొక్కా జేబులోంచి పెన్ను తీస్తూ "ఎవరన్నారు?" అని అడిగేవారు.

నేను కార్ల బ్రేకులకు సాఫ్ట్‌వేర్ రాసేవాణ్ణి. అది 2008 శీతకాలం. డిట్రాయిట్ చుట్టుపక్కల కార్ల కంపెనీలు ఒకటొకటిగా మోకాళ్ళ మీద కూలబడుతున్న రోజులు. ప్రతి శుక్రవారం మా ఫ్లోర్‌లో ఎవరిదో ఒకరి డెస్క్ ఖాళీ అయ్యేది. నాది హెచ్‌వన్, ఉద్యోగం పోతే వీసా పోతుంది. ఆ గుబులుతో ఇంటికొస్తే, మామగారు సోఫాలో కూర్చొని, "అల్లుడుగారూ, మీరు నిన్న 'అందరూ' లే ఆఫ్ అవుతున్నారన్నారు. ఎంతమంది?" అని అడిగేవారు. ఆ క్షణంలో నాకు ఏమనిపించేదో రాస్తే బాగుండదు.

నవంబర్లో ఒక శనివారం సామాన్లకు వెళ్ళాం. బంగారు రంగు కాగితం చుట్టిన ఐర్లండు వెన్న కాస్తే నెయ్యి పూసపూసగా వస్తుందని త్రివేణి నమ్మకం. నాలుగు కట్టలు బండిలో వేసింది. మామగారు ఒకటి చేతిలోకి తీసుకున్నారు.

"ఐర్లండులో వెన్ననేమంటారు?" అన్నారు.

"బటర్ అంటారు మామయ్యగారూ."

"అది ఇంగ్లీషువాళ్ళ మాటండీ. వీళ్ళ సొంత మాట ఏదో ఉండాలి గదా."

నాకు తెలీదన్నాను. వెనకాల ఎవరో బండితో ఎదురుచూస్తున్నారు. ఆయన కాగితానికి నాలుగు వైపులా చదివి, సమాధానం దొరక్క, వెన్నను చాలా అయిష్టంగా బండిలో పెట్టారు. ఆ సోమవారం నుంచి నా ప్రాణానికి లైబ్రరీ మొదలైంది. పొద్దున ఆఫీసుకు వెళ్తూ దింపాలి, సాయంత్రం వస్తూ ఎక్కించుకోవాలి. ఎక్కడెక్కడి యూనివర్సిటీల నుంచో ఆయన పేర ఇటుకల్లాంటి పుస్తకాలు వచ్చేవి. అక్కడి లైబ్రేరియన్ ఆయన్ని 'ప్రొఫెసర్' అని పిలవడం మొదలుపెడితే, తాను ప్రొఫెసర్ కాదని రాసి ఇచ్చి వచ్చారు.

జనవరికి విషయం తేలింది. ఒకరోజు పొద్దున టోస్ట్ మీద వెన్న రాసుకుంటూ మాకు చెప్పారు. తొమ్మిదేళ్ళ మా అమ్మాయి భానుశ్రీ సీరియల్ పక్కకి పెట్టి మరీ వింది.

"ఐర్లండులో ఇప్పుడు వెన్నని 'ఇమ్' అంటారమ్మా. వెయ్యేళ్ళ కిందట చివర్న ఒక 'బ' కూడా ఉండేది. పక్కన వేల్స్‌లో 'అమెనిన్' అంటారు. సముద్రం దాటి ఫ్రాన్సు అంచుకి వెళ్తే 'అమన్'. ఇవన్నీ ఒక తల్లి పిల్లలు. ఆ తల్లి భాషని కెల్టులనే పాతకాలపు యూరప్ జనం మాట్లాడారు గానీ ఎవరూ రాసి పెట్టలేదు. అందుకని పండితులు పిల్లల మొహాలు చూసి తల్లి మొహం గీశారు. వెన్నకి ఆ భాషలో 'అంబెన్' అనో, దగ్గర దగ్గరగా ఇంకోలాగో ఉండి ఉంటుందన్నారు."

"ఆ తల్లికి తల్లి?" అంది భానుశ్రీ.

"ఉంది. 'పూయడం' అనే అర్థం ఉన్న ఇంకా పాత ధాతువు. అదే మన సంస్కృతంలోకి కూడా వచ్చింది. మీ అమ్మ నీకు పెట్టే కాటుకని అంజనం అంటాం. హోమంలో పోసే నేతిని ఆజ్యం అంటాం. అవీ దాని సంతానమే అంటారు. అంటే ఐర్లండు వెన్నా, మన కాటుకా అక్కచెల్లెళ్ళ పిల్లలు. ఎవరూ ఎవరికీ అమ్మ కారు."

తరవాత కాగితం మీద అంబెన్ అని రాసి, దాని ముందు చిన్న నక్షత్రం గుర్తు పెట్టారు. "ఇది ముఖ్యం. ఈ మాటని ఎవరూ వినలేదు, ఎక్కడా చూడలేదు, మనం లెక్కకట్టి ఊహించాం అని ఒప్పుకోవడం. ఇది పెట్టకపోతే అబద్ధం ఆడినట్టు."

చెప్పొద్దూ, ఆ పొద్దున నాకు కూడా బాగుందనిపించింది. అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. నేనే నోరు జారి, మా తెలుగు సంఘం ఉగాది సంచికకు ఒక వ్యాసం రాయమన్నాను. ఆయన రాశారు. పదకొండు పేజీలు, ముత్యాల్లాంటి అక్షరాలతో.

సంచికకు సంపాదకుడు ఆంజనేయప్రసాద్. వరంగల్ మనిషి, నా స్నేహితుడు, మంచివాడే. టైపింగ్, పేజీలు పెట్టడం నా పని. ఆ ఏడు ప్రకటనలిచ్చే వాళ్ళు ఒకరిద్దరికి మించి లేరు. సంచిక సగానికి తగ్గింది. మామగారి వ్యాసానికి ఒక్క పేజీ మిగిలింది. పదకొండు పేజీల్ని ఒక పేజీ చెయ్యాలి. ఆఫీసులో ఆ వారం మా టీమ్‌లో ముగ్గుర్ని పంపేశారు. నేను ఆదివారం మధ్యాహ్నం కూర్చొని కొట్టేసుకుంటూ పోయాను. 'ఉండి ఉండవచ్చునని పండితుల ఊహ' అన్న చోట 'ఉండేది' అంటే అర లైను కలిసొచ్చింది. నక్షత్రం గురించి రాసిన పేరా మొత్తం తీసేశాను. తీసేశాక అంబెన్ ముందు ఆ గుర్తు దిక్కులేకుండా మిగిలింది. పేజీ కింద వివరణ లేదు, పైన గుర్తు ఉంది. చూసేవాడు ఇదేదో ఫుట్‌నోట్ మర్చిపోయారనుకుంటాడు. బ్యాక్‌స్పేస్ ఒకసారి నొక్కాను. ప్రసాద్ దానికి శీర్షిక పెట్టాడు: 'ఐరిష్ వెన్నకు అమ్మ మన ఆజ్యం'. కింద మామగారి పేరు, నిఘంటు కార్యాలయం పేరు, ముప్ఫై ఒక్కేళ్ళ అనుభవం.

ఉగాది వేడుక మార్చి ఇరవై ఎనిమిదిన ఒక హైస్కూల్ ఆడిటోరియంలో జరిగింది. కుటుంబానికొక సంచిక ఇచ్చాం. పిల్లలు నాట్యం చేస్తున్నారు, మామగారు మూడో వరసలో కూర్చొని సంచిక తెరిచారు. నేను స్టేజీ పక్క నుంచి చూస్తున్నాను. ఆయన ఒకసారి చదివారు. కళ్ళద్దాలు తుడుచుకొని రెండోసారి చదివారు. తరవాత సంచిక మూసి ఒళ్ళో బోర్లా పెట్టుకున్నారు. మిగతా ప్రోగ్రామ్ అంతా ఆయన స్టేజీ వైపు చూశారు గానీ ఏమీ చూడలేదు.

కార్లో అడిగారు. "అల్లుడుగారూ, నక్షత్రమేమైంది?"

"ఫాంట్ కన్వర్ట్ చేసినప్పుడు ఎగిరిపోయుంటుంది మామయ్యగారూ. తెలుగు ఫాంట్లతో ఇదో తలనొప్పి."

అబద్ధం అంత నున్నగా ఎలా వచ్చిందో నాకే తెలీదు. త్రివేణి నా వైపు చూసింది. ఆయన "అలాగా" అని బయటికి చూస్తూ కూర్చున్నారు.

మర్నాడు ప్రసాద్‌కి ఫోన్ చేయించారు. స్పీకర్‌లో పెట్టాను. "సవరణ వెయ్యాలి బాబూ" అన్నారాయన.

"గింత దానికి పరేషాన్ ఎందుకంకుల్? ఒక స్టారే గద. మస్తుగుందని అందరు మెచ్చుకుంటున్నరు. గిదంత ఎవలు జూస్తరు?"

మామగారి మొహం అప్పుడు మారింది. నేనెప్పుడూ చూడని మొహం అది. ఎవరో చాలా పాత దెబ్బ మీద మళ్ళీ కొట్టినట్టయింది. "సంచికలు తీసుకున్నవాళ్ళ పేర్లు మీ దగ్గరుంటాయా?" అని మాత్రం అడిగారు.

ఉన్నాయి. నూట యాభై కాపీలు వేశాం. ముప్ఫై ఒకటి ప్రసాద్ గరాజ్‌లో మిగిలాయి. నూట పంతొమ్మిది జనంలోకి పోయాయి. మామగారి తిరుగు ప్రయాణం ఏప్రిల్ పంతొమ్మిది. ఆయన సవరణ చీటీ రాసి నా చేత ప్రింట్ చేయించారు. అగ్గిపెట్టెకంటే కాస్త పెద్దది. 'ముప్ఫై ఏడో పుటలో అంబెన్ అన్న మాట ఊహారూపం. దాని ముందు నక్షత్రం గుర్తు ఉండాలి. ఐరిష్ వెన్న మాట సంస్కృతం నుంచి పుట్టలేదు. రెండూ ఒకే మూలం నుంచి వచ్చాయని పండితుల అభిప్రాయం. తప్పుకు బాధ్యత రచయితది.' కింద సంతకం. ఆ చివరి వాక్యం కూడా నేనే టైప్ చేశాను.

ఇక చూడండి నా అవస్థ. శ్రీరామనవమి తరవాతి ఆదివారం గుళ్ళో చెప్పులు విడిచే చోట నిలబడ్డారు, ఒక చేతిలో చీటీలు, ఒక చేతిలో గమ్ సీసా. సంచిక గుడికి ఎవరు తెచ్చుకుంటారు? "ఇంటికెళ్ళి అతికించుకుంటాం అంకుల్" అని చీటీ తీసుకున్నవాళ్ళని ఆయన నమ్మలేదు. నమ్మకపోవడం మర్యాద కాదు గనక వాళ్ళ ఇంటికి కాఫీకి వస్తానని చెప్పారు. వెళ్ళారు. ఎవరు తీసుకెళ్ళారు? నేనే. ఫార్మింగ్టన్ హిల్స్, కాంటన్, ట్రాయ్, ఇలా చుట్టుపక్కల ఊళ్ళన్నీ. ఏప్రిల్లో కూడా మంచు పడుతోంది. ఒక ఇంట్లో సంచిక కరివేపాకు కుండీ కింద ఉంది. తడిసిన పేజీని హెయిర్ డ్రయర్‌తో ఆరబెట్టించి మరీ అతికించారు. ఇంకో ఇంట్లో పోపుల డబ్బా కింద. ఒకాయన రెడ్‌మండ్‌లో ఉద్యోగం దొరికి సామాను సర్దుకుంటున్నాడు. పదహారు అట్టపెట్టెల్లో ఏ పెట్టెలో ఉందో తెలీదన్నాడు. మామగారు వినయంగా కుర్చీ లాక్కొని కూర్చున్నారు. తొమ్మిదో పెట్టెలో దొరికింది. పారేశామన్న వాళ్ళని "ఎప్పుడు? రీసైకిల్ బండిలోనేనా?" అని అడిగి లిస్టులో రాసుకున్నారు. నూట పంతొమ్మిది ఇళ్ళలో నేను ఎన్ని కాఫీలు తాగానో, ఎన్నిసార్లు నవ్వి "మా మామగారికి కాస్త పట్టింపండీ" అన్నానో నాకే గుర్తులేదు. అనేటప్పుడల్లా నా మీద నాకే అసహ్యం వేసేది. దానికి విరుగుడుగా ఆయన మీద ఇంకా చిరాకు పెంచుకునేవాణ్ణి.

పదహారో తేదీ గురువారం సాయంత్రం భానుశ్రీ స్కూల్లో హెరిటేజ్ నైట్. పిల్లలు తమ ఇళ్ళ సంగతులు పోస్టర్ల మీద రాసి పెడతారు. మేం వెళ్ళేసరికి హాల్లో అద్దాల బీరువా ముందు పదిమంది ఉన్నారు. లోపల మధ్యలో మా అమ్మాయి పోస్టర్ ఉంది. దాని మీద ఇంగ్లీషులో ఐరిష్ వెన్నకి ఇండియాలో అమ్మ దొరికిందని ఉంది. కింద అంబెన్ అని పెద్దక్షరాలు, ముందు ఏమీ లేదు. టీచర్ మామగారి చెయ్యి పట్టుకొని, మీ గురించే చెబుతుంటుంది, మీ పేరుతో అచ్చయింది గనక అదే కరెక్టని మీ వ్యాసం చూసే రాసిందట, మా క్లాసులో ఐరిష్ పిల్లలంతా ఇప్పుడు ఇదే చెప్పుకుంటున్నారు అంది. మామగారు నమస్కారం పెట్టారు. మనవరాలి తల మీద చెయ్యి వేశారు.

శనివారం మధ్యాహ్నానికి ఆఖరి ఇల్లు అయింది. కార్లో కూర్చొని ఆయన లిస్టులో చివరి గీత గీసి, పెన్ను మూత పెట్టారు. నేను తాళం తిప్పబోతుంటే, "ఒక్క నిమిషం" అన్నారు.

"నేను ఉద్యోగంలో చేరిన నాలుగో ఏడు, ఒక చీటీకి ఆకరం దొరకలేదు. ప్రెస్సు వాళ్ళు తొందరపెడుతున్నారు. ఫలానా పుస్తకంలో చూసిన గుర్తుంది గదా అని ఆ పేరు రాసేశాను. అచ్చయ్యాక ఆ పుస్తకం మొదట్నించీ చివరిదాకా మూడుసార్లు చదివాను. అందులో ఆ మాట లేదు. ఎందులోనూ లేదు. మా పైఅధికారికి చెబితే, 'ఎవరు చూస్తారయ్యా, ఊరుకో' అన్నారు. ఊరుకున్నాను. ఇప్పుడది ఇంకో నాలుగు నిఘంటువుల్లో ఉంది. రిటైరయ్యాక రెండు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు."

"ఏం మాట మామయ్యగారూ?"

"చెప్పను. చెబితే మీకూ అంటుకుంటుంది."

నేను స్టీరింగ్ చూస్తూ, "ఫాంట్ కాదు మామయ్యగారూ" అన్నాను.

"తెలుసు. ముప్ఫై నాలుగో పుటలో ఇళ్ళ ప్రకటన ఉంది. 'షరతులు వర్తిస్తాయి' అన్న చోట నక్షత్రం చక్కగా పడింది. ఫాంటైతే అదీ పోవాలి గదా."

మూడు వారాలు. మూడు వారాల నుంచి తెలుసు ఈ మనిషికి. నాకు సిగ్గుకంటే ముందు ఒళ్ళు మండింది. "మరి చీటీ మీద బాధ్యత మీదని ఎందుకు రాశారు?" అన్నాను.

"పేజీ కింద పేరు నాది. చదివేవాడికి నేనే జవాబు చెప్పాలి. అదీకాక మీ పేరు వేస్తే మీరు కారు తీసేవారా?" అన్నారు, ఏ మాత్రం నవ్వకుండా. తరవాత లిస్టు మడిచి జేబులో పెట్టుకున్నారు. "నూట పంతొమ్మిదీ అయ్యాయి. ఒకటి మిగిలింది. దానికి చీటీ అతకదు. నేను చెబితే, తాతయ్య రాసిందే తాతయ్య కాదంటున్నాడనుకుంటుంది భానుశ్రీ. అది మీరు చెప్పాలి."

ఆదివారం పొద్దున, ఆయన పెట్టెలు హాల్లో ఉండగా, బ్రేక్‌ఫాస్ట్ దగ్గర చెప్పాను. తాతయ్య రాసింది వేరు, పుస్తకంలో పడింది వేరు. మన ఆజ్యం ఐరిష్ వెన్నకి అమ్మ కాదు. అంబెన్ ముందు ఒక స్టార్ ఉండాలి.

భానుశ్రీ స్పూన్ ఆపింది. "ఆ స్టార్ ఎవరు తీసేశారు?"

మామగారు టోస్ట్ మీద వెన్న రాస్తూ తల ఎత్తలేదు. త్రివేణి కాఫీ గ్లాసుతో స్టవ్ దగ్గరే ఆగిపోయింది.

"నేనే తీశానమ్మా."

"వై?"

"పేజీలో ప్లేస్ లేకపోయింది."

అది కొంచెంసేపు ఆలోచించింది. "స్టార్‌కి ఎంత ప్లేస్ కావాలి డాడీ?"

అది ఇంకో ప్రశ్న వెయ్యకుండా సీరియల్ తింది. తండ్రి మాట మీద అంతకుముందున్నంత నమ్మకం దానికి ఇక ఉండదని నాకు అర్థమైంది, చాలా బాధేసింది కూడా.

సోమవారం ఆఫీసుకు లేటవుతుందని తెలిసీ భానుశ్రీతో స్కూల్లోకి వెళ్ళాను. టీచరుకు జరిగింది చెప్పాను. ఆమె బీరువా తాళం తీసింది. భానుశ్రీ ముందు పోస్టర్ మీద 'మదర్' అన్నచోట కొట్టేసి 'కజిన్' అని రాసింది. తరవాత వెండి రంగు పెన్నుతో అంబెన్ ముందు స్టార్ గీసింది. వేలి గోరంత చోటు పట్టింది.

మంగళవారం హైదరాబాదు నుంచి ఫోన్. క్షేమంగా చేరానని కూడా చెప్పకుండా, "వేశారా?" అని అడిగారు.

"వేసింది మామయ్యగారూ."

"ఎవరు చూశారు?"

"నేను చూశాను."

అవతల డ్రాయరు లాగిన చప్పుడు, కాగితం సర్దుకున్న చప్పుడు వినిపించాయి. "సరే, అయితే ఆకరం కింద మీ పేరే రాస్తున్నాను అల్లుడుగారూ" అన్నారు. "తేదీ చెప్పండి."

చెప్పాను.